దాచి ఉంచిన డిస్కులు

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో ఏం జరుగుతుందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. ముందు అట్టపెట్టెలు వస్తాయి. ఏది తీసుకెళ్లాలి, ఏది ఎవరికైనా ఇచ్చెయ్యాలి, ఏది పారెయ్యాలి అని అమ్మా నాన్నా జాబితా వేస్తారు. మీ సైకిలు, పాత కథల పుస్తకాలు, చేపల తొట్టి ఆ జాబితాలో ఎటు పడతాయోనని మీరు బిక్కుబిక్కుమంటూ చూస్తుంటారు. ఉపాధ్యాయుల ఇళ్లలోనూ ఇదే తంతు. జోధ్‌పూర్, పోర్ట్ బ్లెయిర్, ఖరగ్‌పూర్ అంటూ ఊరు మారినప్పుడల్లా మా ఇంటి సామాను కొంత తగ్గుతూనే వచ్చింది. తగ్గకుండా పెరిగింది ఒక్కటే, టిఫిన్ డబ్బా అంత ఉండే ఒక ప్లాస్టిక్ పెట్టె. అందులో రెండు హార్డ్ డిస్కులు, నాలుగు పెన్ డ్రైవులు, మెత్తటి గుడ్డలో చుట్టిన పాతిక ముప్పై సీడీలు, ఒక చిన్న నోటుపుస్తకం ఉంటాయి.

ఆ డిస్కుల్లో సినిమాలు లేవు, పాటలు లేవు. ఉన్నవి ఆపరేటింగ్ సిస్టమ్‌ల ఇన్‌స్టలేషన్ ఇమేజిలు. స్టాంపులు పోగుచేసేవాళ్లు, నాణేలు పోగుచేసేవాళ్లు మీకు తెలుసు. నేను పోగుచేసేవి ఇవి. “మేడమ్, మీరు తెలుగు టీచరు కదా, ఇవన్నీ మీకెందుకు?” అని నేను పనిచేసిన ప్రతిచోటా ఎవరో ఒక విద్యార్థి అడిగాడు. అందరికీ కలిపి ఇక్కడ సమాధానం చెబుతాను.

ముందు ఇమేజ్ అంటే ఏమిటో చూద్దాం. కొత్తగా కొన్న కంప్యూటర్ వట్టి యంత్రం. తెర మీద బొమ్మ వేయడం, కీబోర్డు మీద నొక్కిన అక్షరాన్ని గుర్తుపట్టడం, ఫైలును దాచి అడిగినప్పుడు తీసివ్వడం దానికి నేర్పేది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్, లినక్స్ ఆ కోవలోవి. ఒకప్పుడు దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఫ్లాపీలు ఉండేవి. విండోస్ 95ని ఫ్లాపీల మీద కొంటే 13 ఫ్లాపీలు వచ్చేవి. ఒకదాని తర్వాత ఒకటి పెడుతూ కూర్చోవాలి. పన్నెండు సవ్యంగా చదివి పదమూడోది మొరాయిస్తే అప్పటిదాకా పడిన శ్రమంతా వృథా. తర్వాత 700 ఎంబీ పట్టే సీడీలు వచ్చాయి, వాటి వెనుకే 4.7 జీబీ పట్టే డీవీడీలు వచ్చాయి.

అలాంటి సీడీలో ఉన్నదంతా, ఏది ఎక్కడుందో అక్కడే ఉండేలా, ఒకే పెద్ద ఫైలుగా తీసిపెట్టుకుంటే అదే ఇమేజ్. ఆ ఫైలు పేరు చివర ‘ఐఎస్ఓ’ అనే తోక ఉంటుంది. సీడీ మీద ఫైళ్లను ఎలా అమర్చాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం 1988లో వచ్చింది. దాని సంఖ్య ఐఎస్ఓ 9660. తోక అక్కడి నుంచి వచ్చిందే. సీడీలోని ఫైళ్లను మామూలుగా కాపీ చేసుకుంటే చాలదా అని మీకు అనిపించవచ్చు. చాలదు. కంప్యూటర్ ఆన్ చేయగానే డిస్కులో మొట్టమొదట వెతికి చదివే చిన్న భాగం ఒకటి ఉంటుంది. మామూలు కాపీలో అది చేతికి రాదు. అది లేకపోతే మిగతా వందల ఎంబీలు ఉన్నా యంత్రం లేవదు. ఇమేజ్‌లో ఆ భాగం కూడా ఉన్నదున్నట్టు వస్తుంది. మళ్లీ ఖాళీ సీడీ మీదకో, పెన్ డ్రైవు మీదకో దాన్ని ఎక్కిస్తే అసలు డిస్కు చేసే పనంతా ఇదీ చేస్తుంది.

మా ఊళ్లో రైతులు తినే గింజలను గాదెలో పోసేవారు, విత్తే గింజలను వేరే కుండలో పోసేవారు. ఆ కుండలో వేపాకు, బూడిద కలిపి మూతి బిగించి అటక మీద పెట్టేవారు. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ కుండ జోలికి వెళ్లేవారు కాదు. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు, విత్తనం పోతే వేసుకోవడానికి ఏమీ ఉండదు. ఇన్‌స్టలేషన్ ఇమేజ్ విత్తనాల కుండ లాంటిది. రోజూ వాడేది కాదు. కంప్యూటర్ పాడైన రోజున మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి పనికొచ్చేది.

నా దగ్గరికి మొదటి డిస్కు 2008లో పోస్టులో వచ్చింది. అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. ఉబుంటు అనే లినక్స్ సీడీని ప్రపంచంలో ఎవరు అడిగినా డబ్బు తీసుకోకుండా పంపేవారు. ఆ పథకం పేరు ‘షిప్‌ఇట్’. మా మండల కేంద్రంలోని నెట్ సెంటరు నుంచి చిరునామా నింపి పంపాను. కొన్ని వారాలకు పోస్ట్‌మ్యాన్ అట్ట కవరు తెచ్చి ఇచ్చాడు. నా పేరు మీద విదేశం నుంచి వచ్చిన మొదటి పార్సిలు అదే. దాని మీద 8.04 అని ఉంది. అంటే 2008వ సంవత్సరం, నాలుగో నెల. వెర్షన్ సంఖ్యలోనే అది పుట్టిన తేదీ ఉండడం నాకు భలేగా అనిపించింది.

మా ఇంట్లో కంప్యూటర్ లేదు. నెట్ సెంటరు అన్న దగ్గరికి తీసుకెళ్లాను. “అన్నా, ఒక్కసారి పెట్టి చూడనివ్వవా?” అని అడిగితే, “నా సిస్టమ్ చెడగొట్టకుండా అయితే పెట్టు చెల్లెమ్మా” అన్నాడు. ఆ సీడీకి ఉన్న గుణమే అది. హార్డ్ డిస్కు మీద ఏమీ రాయకుండా, సీడీ మీది నుంచే మొత్తం సిస్టమ్ నడుస్తుంది. సీడీ తీసి మళ్లీ ఆన్ చేస్తే కంప్యూటర్ ఎప్పటిలాగే ఉంటుంది. అరగంట వాడి చూసి, అన్న తనకూ ఒక కాపీ కావాలన్నాడు. అక్కడే ఖాళీ సీడీ కొని కాపీ తీసి ఇచ్చాను. లినక్స్ లైసెన్సు కాపీ తీసుకోమనే చెబుతుంది. డబ్బు పెట్టి కొనని వస్తువును చట్టబద్ధంగా ఇంకొకరికి ఇచ్చి, నా దగ్గర కూడా తరక్కుండా ఉంచుకోవడం నాకు కొత్త అనుభవం. చదువును గురించి మన పెద్దలు చెప్పే మాట గుర్తొచ్చింది. ఇచ్చినకొద్దీ పెరుగుతుందని.

ఆ పథకాన్ని 2011లో ఆపేశారు. అప్పటికి డౌన్‌లోడ్ చేసుకోవడం తేలికైంది. కంప్యూటర్ పత్రికలు కూడా సంచికతో పాటు సీడీలు ఇచ్చేవి. పాత పుస్తకాల దుకాణాల్లో పత్రిక చిరిగిపోయి సీడీ ఒక్కటే మిగిలిన సందర్భాల్లో ఐదో పదో ఇచ్చి తెచ్చుకునేదాన్ని. సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ కంప్యూటింగ్, మనం సీడాక్ అంటామే, ఆ ప్రభుత్వ సంస్థ 2007లో విడుదల చేసిన ‘బాస్’ లినక్స్ కూడా అలా నా పెట్టెలోకి చేరింది. భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అన్నది దాని పూర్తి పేరు. మన దేశ భాషల్లో వాడుకోవడానికి వీలుగా చేసింది అది.

పోగుచేయడం సరదాగానే మొదలైంది. పోర్ట్ బ్లెయిర్ వెళ్లాక దాని విలువ తెలిసింది. ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మారిన ఊరు అది. చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకుముందు ద్వీపాలకు ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదుగా వచ్చేది. నేను అక్కడున్న రోజుల్లో ఒక ఫొటో పంపడానికే కాచుకు కూర్చోవాలి. వాన పట్టిందంటే అదీ ఉండదు. దాదాపు రెండు జీబీల ఇమేజ్‌ను డౌన్‌లోడ్ చేయాలంటే రాత్రంతా వదిలేసినా తెల్లారేసరికి ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉండేది.

అక్కడి పిల్లలు చాలామంది మీలాంటివాళ్లే. నౌకాదళం, తీర రక్షక దళం, తపాలా, టెలికాం ఉద్యోగుల పిల్లలు. ఒక వానాకాలంలో మా వాడలో ఒకరి తర్వాత ఒకరి ఇళ్లలో పాత కంప్యూటర్లు మొరాయించాయి. తేమకు హార్డ్ డిస్కులు పోయినవి కొన్ని, వైరస్ పట్టినవి కొన్ని. పన్నెండో తరగతి పిల్లల ప్రాజెక్టులు ఇవ్వాల్సిన సమయం అది. కొత్త హార్డ్ డిస్కు బజారులో దొరికింది. దాని మీదకు ఎక్కించడానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కణ్నుంచి తేవాలి? జోధ్‌పూర్‌లో ఉండగా దించిపెట్టుకున్న లినక్స్ ఇమేజ్ నా డిస్కులో ఉంది. అదీ 32 బిట్ కంప్యూటర్లలో నడిచే రకం. ఆ పాత యంత్రాలకు సరిపోయేది అదే. రెండు వారాల్లో తొమ్మిది కంప్యూటర్లు లేచి కూర్చున్నాయి. ఒక పెన్ డ్రైవు వాడంతా తిరిగి, చివరికి ఎవరి ఇంట్లో ఆగిందో తెలియకుండా పోయింది. నాకేమీ నష్టం లేదు. ఇమేజ్ నా దగ్గర ఉంది.

ఇక్కడ మీరొక సంగతి గమనించాలి. కొత్త వెర్షన్ వస్తే పాతది ఎందుకు, పారెయ్యొచ్చు కదా అనుకుంటాం. కానీ ఉబుంటు 2017 అక్టోబరులో వచ్చిన 17.10 నుంచి 32 బిట్ యంత్రాలకు డెస్క్‌టాప్ ఇన్‌స్టలేషన్ ఇమేజిలు ఇవ్వడం మానేసింది. చాలా ఏళ్లు వాటిని వదలకుండా పట్టుకున్న డెబియన్ కూడా 2025లో వచ్చిన 13వ వెర్షన్‌తో మానేసింది. కొత్తది ముందుకు వెళ్తున్నకొద్దీ పాత యంత్రం వెనకపడుతుంది. దాని భాష తెలిసిన పాత ఇమేజ్‌ను ఎవరో ఒకరు దాచి ఉంచకపోతే, బాగానే ఉన్న యంత్రం కూడా ఇనుప సామాను కిందకే పోతుంది.

యంత్రమే కాదు, దాంతో రాసినది కూడా పోతుంది. అది నాకు ఖరగ్‌పూర్‌లో తెలిసింది. అయితే ఆ సంగతి చెప్పేముందు కంప్యూటర్‌లో తెలుగు గురించి రెండు మాటలు చెప్పాలి.

ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు 1991లో, మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. మన లిపికి 128 స్థానాలు కేటాయించారు. కానీ చోటు దొరకడం వేరు, మన కంప్యూటర్‌కు చదవడం రావడం వేరు. విండోస్‌కు తెలుగు వచ్చింది 2001 అక్టోబరులో విడుదలైన ఎక్స్‌పీతో. దాంతో పాటు ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు వచ్చింది. ఆ తొలి రోజుల్లోనే తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు ‘పోతన’, ‘వేమన’ అనే ఫాంట్లు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. అయినా అచ్చు పని చేసేవాళ్లు చాలా ఏళ్లపాటు ‘అను’ వంటి ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాములో పని చేశారు. అక్కడ కిటుకు ఏమిటంటే, కంప్యూటర్ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వాటి మీద తెలుగు బొమ్మ తొడుగుతుంది ఫాంటు. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంటు తీసేస్తే ఆ పేజీ అంతా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట.

ఖరగ్‌పూర్ బెంగాల్లో ఉన్నా అక్కడ తెలుగు వినబడని వీధి తక్కువ. రైల్వే పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు తరతరాలుగా అక్కడ ఉన్నాయి. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. వాళ్ల నాన్న రైల్వే ఉద్యోగి. ఆయన కూడా అక్కడే చదువుకున్నారు. ఊళ్లు తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే బదిలీ అయి వచ్చారు. 2002-03లో, పన్నెండో తరగతిలో ఉండగా, ఆయన పాఠశాల పత్రికకు తెలుగులో ఒక వ్యాసం రాశారట. వాళ్ల తాతమ్మ, అంటే నాన్నగారి నాయనమ్మ, ఆ ఊరికి ఎలా వచ్చారో ఆమె నోట విని రాసినది. ఇంట్లో ఉన్న ఆ సంచిక నాలుగు క్వార్టర్లు మారేలోగా ఎక్కడో పోయింది. తాతమ్మ కూడా లేదు. ఆ వ్యాసం ఒక్కసారి చూడాలని నాన్నకు కోరిక, దొరుకుతుందా మేడమ్ అని అడిగింది ఆ అమ్మాయి.

లైబ్రరీ బీరువాలో ఆ సంచిక దొరకలేదు. అయితే ఆ ఏటి పత్రిక పేరు రాసి ఉన్న సీడీ ఒకటి దొరికింది. దాని పక్కనే పేజ్‌మేకర్ అసలు సీడీ, పెట్టెతో, నంబరుతో సహా ఉంది. కొత్త కంప్యూటర్లలో ఒకదాంట్లో పత్రిక సీడీ పెట్టాం. ఫైళ్ల పేర్లు కనబడ్డాయి. తెరవడానికి ఏ ప్రోగ్రామూ లేదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, మా కొత్త విండోస్‌లో అది నిలబడలేదు. ఫైలును వేరే పద్ధతిలో బలవంతంగా తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు వరసగా వచ్చాయి. “ఇందులో మా నాన్న రాసింది ఎక్కడుంది మేడమ్?” అంది ఆ పిల్ల. ఉన్నది అదే. చదివే మార్గం లేదు.

స్టోరు గదిలో పక్కన పెట్టిన పాత కంప్యూటర్ ఒకటి ఉంది. దాని పక్క రేకు మీద ఎక్స్‌పీ లైసెన్సు స్టిక్కరు, 25 అక్షరాల కీ ఇంకా చెరగలేదు. హార్డ్ డిస్కు మాత్రం పోయింది. ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకుని, కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్ సాయంతో వేరే హార్డ్ డిస్కు బిగించాం. నా పెట్టెలో ఉన్న ఎక్స్‌పీ ఇమేజ్‌ను సీడీ మీదకు ఎక్కించి పెట్టాం. మొదటిసారి నీలం తెర వచ్చి ఆగిపోయింది. తర్వాత వచ్చిన హార్డ్ డిస్కుల పద్ధతి ఎక్స్‌పీకి తెలియదు. బయాస్‌లోకి వెళ్లి డిస్కు అమరికను ‘ఏహెచ్‌సీఐ’ నుంచి ‘ఐడీఈ’కి మార్చాం. ఇలా చేయాలని నా నోటుపుస్తకంలో ఆ ఇమేజ్ పేరు పక్కన ఎప్పుడో రాసిపెట్టుకున్నాను. ఈసారి ఇన్‌స్టలేషన్ సాగింది. ముప్పావుగంటకు పచ్చటి గుట్ట, నీలాకాశం ఉన్న ఆ పాత తెర ప్రత్యక్షమైంది. దాని మీద పేజ్‌మేకర్ వేశాం.

అప్పటికీ తెలుగు రాలేదు. ఫాంటు లేదు కదా. పత్రిక సీడీని మళ్లీ వెతికితే మూలన ఒక ఫోల్డరు, అందులో ఆ పేజీలకు వాడిన ఫాంట్లన్నీ ఉన్నాయి. ఆ డీటీపీ చేసినవారెవరో, ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో తెరుస్తారని ఆలోచించి ఫైళ్లతో పాటు ఫాంట్లు కూడా అందులో పెట్టారు. వాటిని కంప్యూటర్‌లో చేర్చి ఫైలు తెరిచాం. చుక్కలూ బ్రాకెట్లూ ఉన్నచోట తెలుగు పేజీ నిలిచింది. పద్నాలుగో పేజీలో వాళ్ల నాన్న పేరు, తరగతి, సెక్షను ఉన్నాయి.

ఆ అమ్మాయి తెర వైపు చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, “మేడమ్, నాకు తెలుగు చదవడం రాదు” అంది.

ఇంట్లో చక్కటి శ్రీకాకుళం తెలుగు మాట్లాడే పిల్ల. హిందీ చదువుతుంది, బెంగాలీ చదువుతుంది, ఇంగ్లీషు చదువుతుంది. తెలుగు లిపి మాత్రం నేర్చుకునే వీలు కలగలేదు. నాలుగు ఊళ్లలో ఎక్కడా ఆ అవకాశం రాలేదు. కంప్యూటర్ తాళం తీశాం, దాని వెనుక ఇంకో తాళం ఉంది. నేను చదివి వినిపించొచ్చు. “చదవమంటావా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “వద్దు మేడమ్, నేనే చదువుతాను, నేర్పండి” అంది.

బడి వదిలాక వారానికి మూడు రోజులు కూర్చున్నాం. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు. మాట ముందే వచ్చు కాబట్టి అక్షరం త్వరగా పట్టుబడింది. ఈలోగా నేను ఆ వ్యాసాన్ని అను ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చోటు తప్పిన వత్తులను ఒక్కొక్కటిగా సరిచేశాను. అయిదు నెలల తర్వాత ఒక సాయంత్రం ఆ అమ్మాయి వాళ్లింట్లో, అమ్మానాన్నల ముందు, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రెండు పేజీలూ చదివింది. పెళ్లయిన మూడో రోజున ఒక ట్రంకు పెట్టెతో రైలెక్కిన పదిహేనేళ్ల పిల్ల, భాష తెలియని ఊళ్లో మొదటి వారం ఎవరితోనూ మాట్లాడకుండా గడిపి, కుళాయి దగ్గర ఎవరో “ఏ ఊరమ్మా మీది?” అని తెలుగులో అడిగితే ఏడ్చేసిన సంగతి అందులో ఉంది. వాళ్ల నాన్న ఏమీ మాట్లాడలేదు. రెండోసారి చదవమన్నారు.

రాసినదాన్ని దాచడం సగం పనే. దాన్ని చదివే సాధనాన్ని కూడా దాచాలి. నా పెట్టె నాకు నేర్పింది ఇది. ఫైలు ఉంది కానీ ప్రోగ్రాము లేదు, ప్రోగ్రాము ఉంది కానీ ఆపరేటింగ్ సిస్టమ్ లేదు, అన్నీ ఉన్నాయి కానీ లిపి రాదు. ఈ గొలుసులో ఏ లంకె తెగినా తాతమ్మ మాట వినబడదు.

దాచడానికి కొన్ని పద్ధతులు ఉన్నాయి. తెలుగు చదివేవాళ్లకు అవి కొత్త కాదు. సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టి తాళపత్రాలకు కాపీలు రాయించాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్పించాడు. వేమన పద్యాలను అలా పోగుచేసి 1829లో అచ్చు వేయించాడు. తాళపత్రం శాశ్వతం కాదు. పురుగు పడుతుంది, విరుగుతుంది. అందుకే తరం తరం కొత్త ఆకుల మీద మళ్లీ రాస్తూ వచ్చారు. సీడీ కూడా అంతే. ఎండా తేమా తగిలితే పూత పోతుంది. వాడకుండా ఏళ్ల తరబడి పడేసిన పెన్ డ్రైవు తనలోనిది మరిచిపోవచ్చు. హార్డ్ డిస్కు కింద పడితే పోతుంది. అందుకని నేను ప్రతి ఇమేజ్‌కూ మూడు ప్రతులు ఉంచుతాను. రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్లో మా అమ్మ దగ్గర. వేసవి సెలవుల్లో అన్నీ తీసి చూసి, ముసలివైపోయిన వాటి నుంచి కొత్త వాటి మీదకు మారుస్తాను.

కాపీలో తప్పు దొర్లలేదని ఎలా తెలుస్తుంది? పద్యం కాపీ చేసిన లేఖకుడు ఒక అక్షరం జారవిడిస్తే గణం తప్పుతుంది, యతి కుదరదు, ప్రాస చెడుతుంది. పండితుడు అక్కడ వేలు పెట్టి చూపిస్తాడు. ఇమేజ్‌కూ అలాంటి ఏర్పాటు ఒకటి ఉంది. ‘షా-256’ అనే లెక్క మొత్తం ఫైలును చదివి 64 అంకెల, అక్షరాల వరస ఒకటి ఇస్తుంది. రెండు జీబీల ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. తయారుచేసినవాళ్లు ప్రకటించిన వరసతో మన దగ్గరిది పోల్చి చూసుకోవాలి. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి దుండగులు చొరబడి, అసలు ఇమేజ్‌కు బదులు దొంగ ద్వారం పెట్టిన ఇమేజ్‌ను దించుకునేలా లింకు మార్చేశారు. సరైన వరసతో పోల్చి చూసుకుంటే ఆ మోసం బయటపడుతుంది.

నా నోటుపుస్తకంలో ప్రతి ఇమేజ్‌కూ ఒక పేజీ ఉంది. పేరు, వెర్షన్, ఎప్పుడు ఎక్కడ దించాను, ఎలాంటి యంత్రానికి సరిపోతుంది, ఆ 64 అక్షరాల వరస, ఎక్కించేటప్పుడు ఎదురైన చిక్కులు అందులో ఉంటాయి. ఈ పుస్తకం లేకపోతే డిస్కులో ఉన్నది పేర్లు తెలియని గింజల మూట.

మీలో ఎవరికైనా ఇలా పోగుచేయాలనిపిస్తే రెండు జాగ్రత్తలు. లినక్స్ రకాల్లో చాలావాటిని ఎవరికైనా కాపీ ఇవ్వొచ్చు. విండోస్ అలా కాదు. దాని లైసెన్సు ఎవరిదో వాళ్లే, ఆ మేరకే వాడుకోవాలి. ఇంకొకటి, పాత సిస్టమ్‌లకు రక్షణ ఉండదు. ఎక్స్‌పీకి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ఖరగ్‌పూర్‌లో ఆ ఎక్స్‌పీ కంప్యూటర్‌కు మేము ఇంటర్నెట్ తీగ తగిలించనే లేదు. పాత ఫైళ్లు తెరిచే పనికే అట్టేపెట్టాం.

పిల్లలూ, మీ ఇంట్లో కూడా తెలుగులో రాసిన కాగితం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. తాతగారి ఉత్తరం కావచ్చు, అమ్మమ్మ వంటల పుస్తకం కావచ్చు, పొలం దస్తావేజు కావచ్చు, పాత శుభలేఖ వెనుక రాసుకున్న లెక్క కావచ్చు. ఈసారి సామాను సర్దేటప్పుడు అది బయటపడితే, దాన్ని చదవగలిగేవాళ్లు మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఆ లెక్కలో మీరు లేకపోతే చేరండి. మీరు వెళ్లే ప్రతి ఊళ్లో కొత్త బడి, కొత్త స్నేహితులు, కొత్త భాష ఉంటాయి. అవన్నీ నేర్చుకోండి. మీకున్నంత వెసులుబాటు ఒకే ఊళ్లో ఉండే పిల్లలకు లేదు. దాంతో పాటు 56 అక్షరాలు వెంట తీసుకెళ్లడానికి లారీలో చోటు అక్కర్లేదు.

ఈ సంచికలోని తెలుగు పేజీలను ఈసారి యూనికోడ్‌లోనే కూర్చాం. ఫాంట్లు లోపలే ఇమిడి ఉండే పీడీఎఫ్ ఒకటి, వట్టి అక్షరాలు మాత్రమే ఉన్న ఫైలు ఒకటి, ఉచితంగా దొరికే ఫాంటు ఒకటి, ఇవి తయారుచేసిన లినక్స్ ఇమేజ్ ఒకటి, ఏది ఎలా తెరవాలో చెప్పే అర పేజీ వివరణ ఒకటి కలిపి సీడీ మీద, పెన్ డ్రైవు మీద లైబ్రరీ బీరువాలో పెట్టాం. మూడో ప్రతి నా పెట్టెలో ఉంది. మీరు రాసిన కథలు, కవితలు, మీ పేరు, తరగతి, సెక్షనుతో సహా అందులో ఉన్నాయి. ఎప్పుడో మీ పిల్లలు అడిగితే, బీరువా ఎక్కడుందో చెప్పండి.